వాక్యం చదువుతున్నా గుండెలోకి దిగడం లేదా? రోజుకి 20 నిమిషాలు ఇలా చేయండి

ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతారు. "బ్రదర్, రోజూ బైబిల్ చదువుతూనే ఉన్నాను. మూసేసరికి ఏం చదివానో గుర్తుండట్లేదు. వాక్యానికి శక్తి ఉందంటారు కదా, మరి నాకెందుకు తెలియడం లేదు?" పాలకొల్లులో అడిగారు, గోదావరి లంకలో కుటుంబ ప్రార్థనకి వెళ్తే అడిగారు, కువైట్ నుంచి ఫోన్ చేసి కూడా అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను చేసేదీ నాకు తెలిసినవాళ్లు చేసి నిలబడినదీ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి కాలువలు వచ్చాక మన నేల తీరే మారిపోయింది. అయినా కాలువ నిండా నీళ్లు పారుతుంటే సరిపోదు. తూము ఎత్తి బోదెలోకి వదలాలి, మడవ తీసి చేలోకి పెట్టాలి. లేకపోతే కాలువ గట్టుని ఆనుకున్న చేను కూడా బీటలు వారుతుంది. మొదటి కీర్తన కూడా దివారాత్రము వాక్యాన్ని ధ్యానించేవాణ్ణి "నీటికాలువల యోరను నాటబడిన" చెట్టుతోనే పోల్చింది. ప్రసంగాలు, యూట్యూబ్, వాట్సాప్ స్టేటస్‌లు, గోడ మీది క్యాలెండర్... మన వారమంతా వాక్యం కాలువలా పక్కనుంచి పారుతూనే ఉంది. మడవ తీసే పని దగ్గరే మనం ఆగిపోతున్నాం. కింద రాసినదంతా ఆ పని గురించే.

కావలసినవి

- అచ్చు బైబిల్ ఒకటి. కళ్లు ఇబ్బంది పెడితే పెద్ద అక్షరాలది కొనుక్కోండి, ఆ ఖర్చుకి వెనకాడొద్దు. ఫోన్‌లో చదవడం తప్పు కాదు గానీ, రెండో వచనంలో ఉండగానే ఎవరిదో మెసేజ్ వస్తుంది.
- వీలైతే వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకొకటి. మన పాత అనువాదంలో మాటల అందం గొప్పది, కంఠస్థం చేయడానికి అదే మేలు. అర్థం చిక్కనప్పుడు మాత్రం రెండోది పక్కన ఉండాలి.
- నోటుబుక్కు, పెన్ను.
- 20 నిమిషాలు. మీ దగ్గర పదే ఉంటే పదితోనే మొదలుపెట్టండి.
- వారానికి ఒకసారి "ఏం చదివావు?" అని మిమ్మల్ని అడిగే మనిషి ఒకరు. చాలామంది దీన్ని వదిలేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

లంక గ్రామాల వాళ్లకి ఒక చిన్న సంగతి. వరదల రోజుల్లో బైబిల్‌నీ నోటుబుక్కునీ మందపాటి ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టుకోండి. ఒకవేళ తడిస్తే ఎండలో పడేయకండి, కాగితం వంకర తిరిగిపోతుంది. పేజీల మధ్య అక్కడక్కడా పొడి కాగితాలు పెట్టి, మారుస్తూ, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి.

చేసే పద్ధతి

1. వేళ, చోటు ముందే ఖాయం చేసుకోండి. "ఖాళీ దొరికినప్పుడు" అనుకుంటే దొరకదు. కాఫీ పెట్టుకోవడం, పాలు పితకడం, పిల్లల్ని బడి ఆటో ఎక్కించడం లాంటి రోజూ తప్పని పని ఒకటి చూసుకుని దాని వెనకే దీన్ని కట్టేయండి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు అక్కడే చదువుకోవచ్చు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోత కొన్నాళ్లకి అలవాటైపోతుంది, నాకు అలాగే అయింది.

2. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. జనవరి 1న ఆదికాండము తీసి "ఈ సంవత్సరం బైబిల్ మొత్తం" అనుకునేవాళ్లు ఎంతమందో. మొత్తం 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు. ఆ లెక్కన జనవరి చివరికి లేవీయకాండానికి వస్తారు. బలుల వివరాల్లో ఊపిరాడక అక్కడే ఆగిపోతారు, తర్వాత డిసెంబరు దాకా "నేను తప్పిపోయాను" అన్న బాధ. లేవీయకాండము చదవొద్దని కాదు, మొదటి మెట్టు అది కాదంటున్నాను. మార్కు 16 అధ్యాయాలే. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, యాకోబు పత్రిక. మనసు బాగా నలిగి ఉన్నవాళ్లు రోజుకో కీర్తన చదవండి. రోజుకి పది పదిహేను వచనాలు దాటకండి.

3. ఒక చిన్న ప్రార్థన, ఆపైన బయటికి వినబడేలా రెండుసార్లు చదవండి. "ఆలకించుచున్నాను ప్రభువా, మాట్లాడు" అంటే చాలు. కళ్లతో చదివితే చూపు జారిపోతుంది. నోటితో చదివితే చెవి కూడా పని చేస్తుంది. "వినుట వలన విశ్వాసము కలుగును" అని రోమీయులకు రాసిన పత్రికలో ఉంది కదా. మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి నెమ్మదిగా, పొలంలో నీళ్లు పెట్టేవాడు మడి నిండేదాకా గట్టు మీద నిలబడినట్టు.

4. తెలుసనుకున్న మాట దగ్గర ఆగండి. పాత అనువాదంలో మనం రోజూ వాడే మాటలే వేరే అర్థంతో ఉంటాయి. "సమాధానము" అంటే ఇప్పుడు మనకి జవాబు. బైబిల్లో శాంతి, నెమ్మది. "ఐహిక విచారములు" అన్నచోట విచారం అంటే ఏడుపు కాదు, బతుకు గురించిన దిగుళ్లు. ఇలాంటి ఒక్క మాట సరిగ్గా తెలిస్తే వచనం మొత్తం తెరుచుకుంటుంది.

నాకు జరిగింది చెప్తాను. ఫిలిప్పీ 4:6-7 చిన్నప్పుడు సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని మొదలై, దేవుని సమాధానము "మీ హృదయములకును మీ తలంపులకును కావలి యుండును" అని ముగుస్తుంది. ఏళ్లు గడిచాక ఒక ఏడాది మా రొయ్యల చెరువుకి వైట్‌స్పాట్ జబ్బు తగిలింది. రెండెకరాల పంట మూడు రోజుల్లో పోయింది. మేత బాకీ మీద పడింది. రాత్రి చెరువు గట్టు మీద కూర్చుని ఇదే భాగం చదువుతుంటే "కావలి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను కూర్చున్నదే కావలి పాకలో! కావలి వాడు చెరువు పంటని పెంచడు. లోపలికి వచ్చేదేదో, రాకూడనిదేదో చూస్తూ మెలకువగా ఉంటాడు. నా తలపులకి అలా ఒకరు కాపలా ఉంటారని రాసి ఉంది, నేనేమో రాత్రంతా అన్ని దిగుళ్లకీ గేటు తీసి పెడుతున్నాను. ఆ రాత్రి బాకీ పైసా కూడా తగ్గలేదు. కానీ పడుకున్నాను, నిద్ర పట్టింది.

5. ముందూ వెనకా చదవండి. ఈ మెట్టు దాటేయడం వల్లే మనలో ఎక్కువమంది దెబ్బతింటున్నారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీ 4:13). పరీక్షలకి వెళ్లే పిల్లల ప్యాడ్ మీద, కొత్త బైక్ మీద, షాపు బోర్డు మీద కనిపిస్తుంది. పై రెండు వచనాలు చదవండి. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు సంకెళ్లలో ఉండి, ఆకలిగా ఉన్నా కడుపు నిండినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని చెప్పి, ఆ తర్వాత ఈ మాట అంటున్నాడు. అంటే ఇది గెలుపు ఖాయమని ఇచ్చిన హామీ కాదు. ఓడిపోయినా నిలబడే బలం. పరీక్ష పోయిన పిల్లవాడికి అసలు ఈ వచనం అప్పుడే ఎక్కువ కావాలి, మనమేమో రిజల్ట్ రాగానే ప్యాడ్‌తో పాటు అటక మీద పడేస్తున్నాం.

యిర్మీయా 29:11 కూడా అంతే. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో తరచూ వచ్చే వచనం. దానికి ముందు వచనంలోనే బబులోనులో 70 సంవత్సరాలు గడవాలని ఉంది. చెరలోకి పోయినవాళ్లకి రాసిన ఉత్తరం అది. ఆ సంగతి తెలిస్తే, మన పని మార్చికల్లా జరగలేదని దేవుడి మీద అలగం.

వచనం మాత్రమే పట్టుకుని ముందూ వెనకా వదిలేయడం ఎంత ప్రమాదమో చూడాలంటే మత్తయి 4వ అధ్యాయం తీయండి. అక్కడ యేసుని శోధించడానికి సాతాను కూడా వాక్యమే ఎత్తి చూపించాడు, 91వ కీర్తన. అందులో "నీ మార్గములన్నిటిలో" అన్న మాట మింగేశాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే జవాబిచ్చాడు. అప్పటికప్పుడు వెతుక్కున్న మాటలు కావవి, లోపల ఎప్పటినుంచో ఉన్నవి.

6. నోటుబుక్కులో నాలుగు వరసలు రాయండి. పేజీలు నింపొద్దు. నా పాత పుస్తకంలోంచి, పైన చెప్పిన కావలి పాక రోజుది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

భాగం: ఫిలిప్పీ 4:4-9.
ఏముంది: పౌలు బంధకాల్లో ఉండి, దిగులుపడొద్దు, అడగండి, కృతజ్ఞతతో అడగండి అంటున్నాడు.
ఆగిన మాట: కావలి.
ఈ రోజు పని: పది గంటల్లోపు మేత షాపాయనకి నేనే ఫోన్ చేయాలి.

నాలుగో వరసలో "దేవుని మీద ఆధారపడాలి", "ప్రేమ కలిగి ఉండాలి" అని రాయకండి. అవి మంచి మాటలే, కానీ సాయంత్రం చేశానో లేదో తేల్చలేం. ఎవరితో, ఏం, ఎన్నింటికి అని రాయండి.

7. వారానికి ఒక్క వచనం కంఠస్థం చేయండి. సోమవారం చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. మంగళవారం సగం చూడకుండా చెప్పండి. గురువారానికి మొత్తం రావాలి. శుక్ర, శని వారాల్లో దాన్నే మీ మాటల్లో ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఏరు దాటే పంటు కోసం రేవులో నిలబడ్డప్పుడు, మోటారు వేసి నీళ్లు వచ్చేదాకా ఆగినప్పుడు, బస్సులో... ఇలాంటి పనికిరాని నిమిషాలే దీనికి చాలు. వారానికి ఒకటి అంటే ఏడాదికి 52. అన్నీ నిలవకపోయినా ఇరవై నిలుస్తాయి. మీ దగ్గర ఇప్పుడు చూడకుండా చెప్పగలిగినవి ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.

8. నాలుగో వరసలో రాసింది చీకటి పడేలోపు చేసేయండి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం, విని చేయనివాణ్ణి అద్దంలో ముఖం చూసుకుని వెళ్లి మర్చిపోయేవాడితో పోల్చింది. నేను ఆ ఉదయం మేత షాపాయనకి ఫోన్ చేశాను. అంతకు ముందు పది రోజులూ ఆయన నంబరు చూసి ఎత్తకుండా తప్పించుకున్నాను. "ఇప్పుడు నా దగ్గర డబ్బుల్లేవండి, కోత అయ్యాక నెలకింత కడతాను" అన్నాను. ఆయన కేకలేశాడు. తర్వాత సరే అన్నాడు. వాక్యానికి శక్తి ఉందని నేనెవరికైనా సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఆ ఫోన్ గురించే చెప్తాను. దాక్కునే మనిషిని అది బయటికి తెచ్చింది.

మీకు రాసుకోవాల్సింది గట్టు తగాదా కావచ్చు. మత్తయి 5:23-24 చదివిన రోజున, నాలుగేళ్లుగా మాట్లాడని అన్నయ్య ఇంటి గుమ్మం గుర్తుకొస్తే తప్పించుకోకండి. అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమని ఉంది. ఆయన మాట్లాడకపోయినా మీ పని మీరు చేసినట్టే.

9. ఒకరితో పంచుకోండి. కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరూ ఒక్కో వచనం వంతులవారీగా చదవండి. చిన్నపిల్లల్ని కూడా "ఇందులో నీకేం నచ్చింది?" అని అడగండి, జవాబు ఏదైనా సరిదిద్దకండి. భార్యో భర్తో గల్ఫ్‌లో ఉంటే వారం వచనాన్ని వాయిస్ మెసేజ్‌గా పంపుకోండి. మనకి రాత్రి 9 అయితే కువైట్‌లో 6:30, మస్కట్‌లో 7:30. పని చేసే ఇంట్లో వంట హడావిడిలో ఉంటారు కాబట్టి వీడియో కాల్ కన్నా ఇదే నయం, పడుకునే ముందు వింటారు. మా బంధువుల ఇంట్లో ఒక తల్లి అలా మూడేళ్లు పంపింది. కూతురు అమ్మ గొంతుతోనే 23వ కీర్తన నేర్చుకుంది. ఇప్పుడు చెప్పినా అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే ఆగుతుంది.

చదవడం రానివాళ్లు ఏం చేయాలి?

ఇదే పద్ధతి, చెవితో. ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టుకుని ఒకే భాగాన్ని మూడుసార్లు వినండి. లేదా మనవడి చేత చదివించుకోండి. నోటుబుక్కు పని సాయంత్రం ఎవరికైనా చెప్పడంతో తీరుతుంది. "నాకు చదువు లేదు, నాకేం అర్థమవుతుంది" అని వెనక్కి తగ్గకండి. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి మన నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో వాక్యం చెప్పిన బౌడెన్, బీర్ ఇద్దరూ పండితులు కారు. ఒకాయన రాతిపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు.

ఈ తప్పులు చేయకండి

కళ్లు మూసుకుని ఎక్కడో తెరిచి, వేలు పెట్టిన వచనమే "ఈ రోజు దేవుడు నాకిచ్చిన మాట" అనుకోవడం. భూమి కొనాలా, సంబంధం ఒప్పుకోవాలా అన్నవి కూడా ఇలా తేల్చుకునేవాళ్లని చూశాను. వాక్యాన్ని చీటీల ఆట చేయకండి.

బైబిల్‌ని తాయెత్తులా వాడడం. దిండు కింద పెట్టుకుంటే పీడకలలు రావనీ, చెరువు గట్టు మీద పెడితే జబ్బు రాదనీ ఎక్కడా లేదు. మూసి ఉన్న పుస్తకానికి కాదు, లోపలికి తీసుకున్న మాటకి బలం.

ఇది గట్టిగా చెప్తున్నాను: స్వస్థత వచనాలు చదువుతున్నామని షుగరు, బీపీ, ఫిట్స్ మందులు ఆపేయకండి. ప్రార్థన చేయండి, మందూ వేసుకోండి. అలాగే దిగులు ఎంతకీ తగ్గక, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వచనం చదువుకుంటూ ఒంటరిగా ఉండిపోకండి. ఇంట్లోవాళ్లకి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

వచనాన్ని ఎదుటివాళ్ల మీదికి విసరడం. ఎఫెసీ 5:22లో "స్త్రీలారా... లోబడియుండుడి" దగ్గర ఆగిపోయే భర్తలు మూడు వచనాలు కిందికి రండి. "పురుషులారా, మీరును మీ భార్యలను ప్రేమించుడి" అని ఉంది, అదీ క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు. చేయి చేసుకునే మనిషికి ఆ అధ్యాయంలో ఎక్కడా చోటు లేదు. చదివేటప్పుడు "ఇది మా ఆవిడ వినాలి", "ఇది మా పాస్టర్ గారికి సరిగ్గా సరిపోతుంది" అనిపిస్తే, ముందు అది మీకేం చెప్తోందో రాసేదాకా లేవకండి.

వాక్యం చెప్పేవాళ్ల మాటని చూసుకోకుండా మింగడం కూడా తప్పే. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా ప్రతిరోజూ లేఖనాల్లో వెతికి చూశారు. అది వాళ్ల మంచితనమని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంది. ఎవరైనా కానుకకీ వాగ్దానానికీ లంకె పెట్టి మాట్లాడితే ఇంటికొచ్చి ఆ భాగం మొత్తం చదవండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

కన్నీళ్లు వచ్చాయా, ఒళ్లు పులకరించిందా అన్నవి కొలతలు కావు. వస్తే మంచిదే, రాకపోతే కంగారొద్దు. వీటిని చూడండి:

- మర్నాడు బైబిల్ లేకుండా, నిన్నటి భాగాన్ని రెండు వాక్యాల్లో చెప్పగలరా? లేకపోతే భాగం పెద్దదైంది, సగానికి తగ్గించండి.
- నోటుబుక్కులో నాలుగో వరసల పక్కన "చేశాను" అని వారానికి ఎన్ని టిక్కులు పడ్డాయి? ఏడులో మూడు పడినా మొదటి నెలకి చాలా మంచిది. ఒక్కటీ పడకపోతే మీరు రాస్తున్న పనులు పెద్దవో, గాలివో అయ్యుంటాయి.
- కరెంటు పోయినప్పుడు, పిల్లాడు పాలు ఒలకబోసినప్పుడు, బైక్ అడ్డం వచ్చినప్పుడు ముందు నోట్లోంచి ఏం వస్తోంది? దీనికి జవాబు మీరు చెప్పుకోకండి. ఇంట్లోవాళ్లని అడగండి, వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. స్వర్ణ రకం వరి వేసినవాళ్లం 145 రోజులు ఓపిక పడతాం. నాటిన మర్నాడు మడిలో దిగి పైరు పీకి వేళ్లు చూసుకోం. మార్కు 4:28లో యేసు చెప్పిన వరస కూడా అదే: "మొదట మొలకను తరువాత వెన్నును అటుతరువాత వెన్నులో ముదురు గింజలను." కనీసం మూడు నెలలు పెట్టండి.

మధ్యలో తెగిపోతే

కోతల్లో, పండగల్లో, ఇంట్లో జ్వరాలప్పుడు తెగుతుంది. ముందే తెలిసిన రద్దీ రోజులైతే ఐదు నిమిషాలకి కుదించండి: ఒక్క వచనం, రెండుసార్లు పైకి, ఒక్క పని. అసలే చదవకుండా పది రోజులు గడిచిపోతే, ఆ పది రోజుల భాగాలూ ఒక్క రాత్రి కూర్చుని పూడ్చాలని చూడకండి. నోటుబుక్కులో ఖాళీ వదలకుండా, పాత తేదీలు రాయకుండా, ఆగిన వచనం తర్వాతి వచనం పక్కన ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టండి.